మోగే కాల్, వినపడని మాట
(పోర్టులు మూసేస్తే వీడియో కాన్ఫరెన్సుకు ఏమవుతుంది?)

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.సి.ఎ., వాడపల్లి



నేడు వీడియో కాల్ అంటే తెలియని ఇల్లు మన కోనసీమలో లేదు. గల్ఫ్‌కు పనికి వెళ్ళిన అమ్మ ముఖం చూడాలన్నా, హైదరాబాదులోని కంపెనీకి ఇంటర్వ్యూ ఇవ్వాలన్నా, సెలవుల్లో ఆన్‌లైన్ క్లాసు వినాలన్నా అదే దారి. అయితే మనలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. కాల్ మోగుతుంది. అవతలి వాళ్ళు ఎత్తుతారు. తెర మీద పేరు కనిపిస్తుంది. మాట మాత్రం రాదు. అప్పుడు "నెట్ స్లో", "ఫోన్ పాతది", "మన ఊళ్ళో సిగ్నల్ ఇంతే" అనుకుని వదిలేస్తాం.

చాలాసార్లు కారణం ఇవేవీ కాదు. దారిలో ఎవరో ఒక తలుపు మూసి ఉంచారు. కంప్యూటర్ భాషలో ఆ తలుపు పేరు పోర్టు. ఏ తలుపు మూస్తే కాల్‌కు ఏమవుతుంది, లక్షణాలను బట్టి ఆ సంగతి ఎలా తెలుసుకోవాలి, తెరవమని ఎవరిని ఏమని అడగాలి అన్న మూడు విషయాలనూ ఈ వ్యాసంలో తెలుసుకుందాం. కంప్యూటర్ సైన్సు చదవనివారికి కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాను.

1. పోర్టు అంటే ఏమిటి?

మన హాస్టల్‌నే ఉదాహరణగా తీసుకుందాం. హాస్టల్‌కు ఒక చిరునామా ఉంది. ఆ చిరునామా రాస్తే ఉత్తరం గేటు దాకా వస్తుంది. కానీ లోపల ఎవరికి అందాలి? అందుకు గది నంబరు కావాలి. ఇంటర్నెట్‌లో కంప్యూటరు చిరునామాను ఐ.పి. అడ్రసు అంటారు. గది నంబరు లాంటిది పోర్టు నంబరు.

పోర్టు నంబర్లు 0 నుంచి 65535 వరకు ఉంటాయి. అంటే మొత్తం 65,536. పోర్టు నంబరు రాయడానికి 16 బిట్లు కేటాయించారు కాబట్టి 2 ను 16 సార్లు గుణిస్తే ఈ సంఖ్య వస్తుంది. వీటిలో 0 నుంచి 1023 వరకు అందరికీ తెలిసిన పనులకు కేటాయించారు. మామూలు వెబ్‌సైటుకు 80, తాళం గుర్తు ఉండే సురక్షిత వెబ్‌సైటుకు 443, ఈ-మెయిల్ పంపడానికి 25, వెబ్‌సైటు పేరును ఐ.పి. అడ్రసుగా మార్చే పనికి 53 వాడతారు.

ఇక గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు కదా. అతని పని చేసేది ఫైర్‌వాల్. "ఫలానా గదుల వాళ్ళే బయటికి వెళ్ళవచ్చు, మిగిలిన వాళ్ళు వెళ్ళరాదు" అని అతనికి ఒక జాబితా ఇస్తారు. మంచి వాచ్‌మన్ ఇంకో పని కూడా చేస్తాడు. లోపలి నుంచి ఎవరు ఎవరి కోసం బయటికి వెళ్ళారో రిజిస్టరులో రాసుకుని, ఆ పని మీద జవాబు తెచ్చినవారిని మాత్రమే లోపలికి పంపుతాడు. కొంతసేపు రాకపోకలు లేకపోతే రిజిస్టరులో ఆ పేరు కొట్టేస్తాడు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, ముందు పనికి వస్తుంది.

2. రెండు రకాల ప్రయాణాలు

ఇంటర్నెట్‌లో సమాచారం చిన్న చిన్న ముక్కలుగా ప్రయాణిస్తుంది. వాటిని ప్యాకెట్లు అంటారు. అవి ప్రయాణించడానికి ముఖ్యంగా రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది టి.సి.పి., రెండవది యు.డి.పి. ఏ పోర్టు గురించి చెప్పినా అది టి.సి.పి. పోర్టా, యు.డి.పి. పోర్టా అని కూడా చెప్పాలి. ఎందుకంటే వాచ్‌మన్ ఒకే నంబరుకు ఒక పద్ధతిని అనుమతించి, రెండవదాన్ని ఆపవచ్చు.

టి.సి.పి. అంటే విహారయాత్రలో మాస్టారు పిల్లలను నడిపించినట్లు. రోల్ నంబర్ల ప్రకారం వరుసలో నడవాలి. 17వ నంబరు కనిపించకపోతే 18, 19, 20 అందరూ ఆగాలి. 17 దొరికాకే మళ్ళీ కదలాలి. ఒక్కరు కూడా తప్పిపోరు, కానీ ఆలస్యం అవుతుంది. పరీక్ష ఫలితాలు, బ్యాంకు లెక్కలు, పుస్తకాల ఫైళ్ళు ఇలాగే రావాలి. ఒక్క అక్షరం పోయినా ప్రమాదమే కదా.

యు.డి.పి. అంటే శనివారం నాడు మన వాడపల్లి వెంకన్న గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే జనం లాంటిది. ఒకరు ఆగారని మిగిలినవారు ఆగరు. ప్రవాహం సాగుతూనే ఉంటుంది. తప్పిపోయిన ప్యాకెట్టు కోసం ఎవరూ వెనక్కి వెళ్ళరు.

మాటకు ఈ రెండవ పద్ధతే ఎందుకు కావాలో చిన్న లెక్క వేసి చూద్దాం. టెలిఫోను రంగంలో ఎంతోకాలంగా వాడుకలో ఉన్న జి.711 పద్ధతిలో మాటను సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒక ముక్కగా కోస్తారు. అంటే సెకనుకు 50 ముక్కలు. ఒక్కో ముక్కలో 160 బైట్ల ధ్వని. 50 × 160 = 8,000 బైట్లు, అంటే సెకనుకు 64 కిలోబిట్లు. వీటిలో ఒక ముక్క పోతే పోయేది సెకనులో యాభయ్యో వంతు శబ్దం. చెవికి దాదాపు తెలియదు.

అదే టి.సి.పి. అయితే ఏమవుతుంది? మన దగ్గరి నుంచి సర్వరుకు వెళ్ళి రావడానికి 80 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. పోయిన ముక్కను మళ్ళీ తెప్పించడానికి కనీసం ఒక రాకపోక కావాలి. ఆ 80 మిల్లీసెకన్లలో వచ్చిన 4 ముక్కలు చేతికి అందినా వినిపించకుండా వాకిట్లో ఆగి ఉంటాయి. తిరిగి పంపిన ముక్క కూడా పోతే ఎదురుచూపు ఇంకా పెరుగుతుంది. మాట ఒక వైపు నుంచి మరో వైపుకు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సహజంగా ఉంటుందని అంతర్జాతీయ టెలికం సంస్థ ఐ.టి.యు. తన జి.114 సిఫారసులో చెప్పింది. 400 మిల్లీసెకన్లు దాటకూడదని కూడా చెప్పింది. ఈ హద్దు దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. ఇంటర్వ్యూలో ఇదే జరిగితే "ఈ అబ్బాయికి అడిగింది అర్థం కావడం లేదు" అనుకుంటారు. తప్పు అబ్బాయిది కాదు, దారిది.

3. ఒక వీడియో కాల్ లోపల జరిగేది

మనకు వీడియో కాల్ ఒకే పనిలా కనిపిస్తుంది. లోపల అది నాలుగు మెట్లు.

మొదటి మెట్టు – పిలుపు. "ఫలానా వారు పిలుస్తున్నారు" అన్న కబురు, లాగిన్, మీటింగు నంబరు, చాటింగు – ఇవన్నీ ఎక్కువగా టి.సి.పి. 443 గుండా వెళ్తాయి. దీన్ని సిగ్నలింగ్ అంటారు.

రెండవ మెట్టు – అద్దంలో చూసుకోవడం. హాస్టల్లో నలభై ఫోన్లు ఒకే వైఫైకి కలిపినా బయటి ప్రపంచానికి సాధారణంగా ఒకే ఐ.పి. అడ్రసు కనిపిస్తుంది. కాబట్టి మన ఫోను ముందుగా బయట ఉన్న ఒక సర్వరును "నేను మీకు ఏ చిరునామాతో, ఏ పోర్టుతో కనిపిస్తున్నాను?" అని అడుగుతుంది. ఈ పద్ధతి పేరు స్టన్. దీనికి కేటాయించిన పోర్టు 3478.

మూడవ మెట్టు – మాట, బొమ్మ. అసలు ధ్వని, దృశ్యం యు.డి.పి. మీద ప్రయాణిస్తాయి. ఏ పోర్టుల మీద అన్నది ఆయా సంస్థలు ముందే ప్రకటిస్తాయి. జూమ్ 8801 నుంచి 8810 వరకు, గూగుల్ మీట్ 3478తో పాటు 19302 నుంచి 19309 వరకు, మైక్రోసాఫ్ట్ టీమ్స్ 3478 నుంచి 3481 వరకు వాడతాయి. వాట్సాప్ కాల్స్‌కు కూడా 3478 అవసరం.

నాలుగవ మెట్టు – ప్రత్యామ్నాయం. మూడవ మెట్టు కుదరకపోతే యాప్ ఊరికే కూర్చోదు. మధ్యలో ఒక సర్వరును పెట్టుకుని, మాటను, బొమ్మను కూడా టి.సి.పి. 443 లోనే దూర్చి పంపడానికి చూస్తుంది. మధ్యవర్తి సర్వరుతో నడిచే ఈ పద్ధతుల్లో టర్న్ అనేది ఒకటి. ఏ దారి తెరిచి ఉందో ఒక్కొక్కటిగా తట్టి చూసే పద్ధతిని ఐస్ అంటారు. బ్రౌజరులోనే వీడియో కాల్ చేసుకోవడానికి వీలు కల్పించిన వెబ్ ఆర్.టి.సి.లో ఇవన్నీ ఉన్నాయి. దీన్ని గూగుల్ 2011లో అందరికీ ఉచితంగా విడుదల చేసింది. 2021 జనవరిలో ఇది అధికారిక వెబ్ ప్రమాణం అయింది.

ఇంతకుముందు కాలంలో ఇంత తెలివి ఉండేది కాదు. 1996లో వచ్చిన హెచ్.323 పద్ధతిలో టి.సి.పి. 1720 మీద పిలుపు వెళ్ళేది. ఆ తర్వాత మాట కోసం అప్పటికప్పుడు ఏవో కొత్త పోర్టులు ఎంచుకునేవారు. వాటి నంబర్లు ముందుగా తెలియవు కాబట్టి ఫైర్‌వాల్ వాటిని ఆపేసేది. బొమ్మ రాని సమావేశాలు అప్పట్లో అందుకే అంత ఎక్కువ. ముఖ్యమంత్రి, కలెక్టర్ల వీడియో కాన్ఫరెన్సుల్లాంటివి ప్రభుత్వపు సొంత నెట్‌వర్కు మీద నడవడం వల్ల కలిగే సౌలభ్యం ఇదే. దారి పొడుగునా తలుపులన్నీ ఒకే యజమాని చేతిలో ఉంటాయి. మనలాంటి వారి కాల్ మాత్రం నలుగురైదుగురు యజమానుల గేట్లు దాటి వెళ్ళాలి.

4. అసలు ఎందుకు మూస్తారు?

మూసేవారంతా చెడ్డవారు కాదు. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. అది 445 పోర్టు గుండా ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అంతకు ముందు 2003 జనవరిలో స్లామర్ అనేది యు.డి.పి. 1434 గుండా నిమిషాల్లో ప్రపంచాన్ని చుట్టింది. ఇలాంటివి చూసిన నెట్‌వర్క్ నిర్వాహకులు "అవసరమైనవి తప్ప అన్నీ మూసేయి" అనే నియమం పెట్టుకున్నారు. అది మంచి నియమమే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, "అవసరమైనవి" అనే జాబితా రాసినప్పుడు వీడియో కాల్ ఎవరి మనసులోనూ ఉండదు. 80, 443, 53 రాసి జాబితా ముగిస్తారు. వెబ్‌సైట్లు తెరుచుకుంటాయి, మెయిలు వస్తుంది, అందరూ "నెట్ బ్రహ్మాండంగా ఉంది" అంటారు. యు.డి.పి. దాదాపు మొత్తం మూసి ఉందని మొదటి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ దాకా ఎవరికీ తెలియదు.

స్పీడ్ టెస్టు కూడా ఈ లోపాన్ని పట్టుకోలేదు. చాలా స్పీడ్ టెస్టులు టి.సి.పి. దారిలోనే నడుస్తాయి. ఆ దారి తెరిచే ఉంది కాబట్టి 50 మెగాబిట్లు అని గొప్పగా చూపిస్తాయి. ఇద్దరి మధ్య మంచి నాణ్యత గల వీడియోకు జూమ్ అడిగేది 600 కిలోబిట్లే. 50 మెగాబిట్లలో అది ఎనభయ్యో వంతు కూడా కాదు. కాబట్టి వేగం చాలక కాల్ చెడిందనడం ఇక్కడ కుదరదు.

5. ఏ తలుపు మూస్తే ఏమవుతుంది?

జ్వరాన్ని బట్టి రోగం పట్టుకున్నట్లు, లక్షణాన్ని బట్టి మూసిన తలుపును పట్టుకోవచ్చు.

(అ) యాప్ లాగిన్ కాదు, మీటింగే తెరుచుకోదు. మొదటి మెట్టు దగ్గరే అడ్డు. టి.సి.పి. 443 లోనే ఆ సంస్థను ఆపి ఉంచారు. లేదా 53 దగ్గర పేరు దొరకనివ్వడం లేదు.

(ఆ) లాగిన్ అవుతుంది, పేర్లు కనిపిస్తాయి, చాటింగు నడుస్తుంది. "కనెక్టింగ్" అంటూ కొన్ని సెకన్లు తిరిగి, ఆ తర్వాత కాల్ కలుస్తుంది కానీ మాట తెగుతూ, బొమ్మ గడ్డకట్టి, ఒక్కసారిగా పరుగెడుతుంది. యు.డి.పి. మూసి ఉంది. యాప్ దారులన్నీ తట్టి చూసి నాలుగవ మెట్టుకు దిగింది. మన హాస్టళ్ళలో, కళాశాలల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

(ఇ) "కనెక్టింగ్" దగ్గరే ఆగిపోతుంది, లేదా కాల్ కలిసినట్లు చూపించి రెండు వైపులా నిశ్శబ్దం. యు.డి.పి. మూసి ఉండటమే కాక నాలుగవ మెట్టును కూడా ఆపారు. 443 లో వెళ్ళే ప్రతిదాన్నీ విప్పి చూసే ప్రాక్సీ ఉన్నచోట ఇలా అవుతుంది.

(ఈ) ఒక వైపు మాత్రమే వినపడుతుంది. మన మాట వాళ్ళకు చేరుతుంది, వాళ్ళది మనకు రాదు. లేదా దీనికి తిరగబడి. వెళ్ళే దారి తెరిచి, వచ్చే దారి మూసి ఉంటే ఇలా అవుతుంది. ఆఫీసుల్లో వాడే ఇంటర్నెట్ టెలిఫోన్లలో, పాత కాన్ఫరెన్సు పరికరాల్లో ఇది ఎక్కువ. (ముందుగా మైకు మ్యూట్‌లో లేదని చూసుకోండి!)

(ఉ) ప్రతిసారీ ఒకే సమయానికి కాల్ తెగిపోతుంది. ఇంటర్నెట్ టెలిఫోను 32 సెకన్ల దగ్గర తెగితే అనుమానమే అక్కర్లేదు. కాల్ ఎత్తినవారికి "సరే, అందింది" అనే చివరి కబురు రావాలి. ఎస్.ఐ.పి. పద్ధతిలో దానికోసం అర సెకనుకు 64 రెట్లు, అంటే 32 సెకన్లు ఎదురుచూస్తారు. ఆ కబురు దారిలో ఎక్కడో ఆగిపోయిందన్నమాట. అలాగే కొంతసేపు మౌనంగా ఉండగానే కాల్ పోతే, వాచ్‌మన్ రిజిస్టరులో పేరు కొట్టేసే సమయం మరీ తక్కువగా పెట్టారని అర్థం.

6. గల్ఫ్ నుంచి వచ్చే కాల్

ఈ పాఠం మన ఇళ్ళలో అందరికంటే ఎక్కువగా తగిలేది ఇక్కడే. మన రెండు గోదావరి జిల్లాల నుంచి, ముఖ్యంగా కోనసీమ లంక గ్రామాల నుంచి ఎందరో గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. హాస్టల్లో ఉన్న పిల్లలకు అమ్మానాన్నలను చూసే అవకాశం వారానికి ఒక వీడియో కాల్.

దుబాయ్, అబూధాబి ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఇంటర్నెట్ కాల్స్‌కు ప్రభుత్వ అనుమతి ఉండాలి. అనుమతి లేని యాప్‌ల కాల్స్‌ను అక్కడి టెలికం కంపెనీలు చాలా ఏళ్ళుగా ఆపుతున్నాయి. వాట్సాప్‌లో ఉత్తరం వెళ్తుంది, ఫొటో వెళ్తుంది, వాయిస్ మెసేజి వెళ్తుంది. కాల్ చేస్తే మోగుతుంది కూడా. ఎత్తాక మాత్రం మాట ఉండదు. మనం చదువుకున్న నాలుగు మెట్లను గుర్తు తెచ్చుకుంటే ఇందులో వింత లేదు. పిలుపు వెళ్ళే మొదటి మెట్టు తెరిచి, మాట వెళ్ళే మూడవ మెట్టు మూశారు. "నాన్న ఎత్తి కూడా మాట్లాడటం లేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకునే చిన్నపిల్లలకు పెద్ద తరగతుల వాళ్ళు ఈ సంగతి విడమర్చి చెప్పాలి. నాన్న మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ మాట గేటు దాటలేదు.

అక్కడ ఆపేది పోర్టు నంబరు చూసి మాత్రమే కాదు. ప్యాకెట్టు ఆకారాన్ని చూసి "ఇది మాటకు సంబంధించినది" అని గుర్తుపట్టే యంత్రాలు ఉంటాయి. కాబట్టి పోర్టు నంబరు మార్చినంత మాత్రాన పని జరగదు. అక్కడ అనుమతి పొందిన బోటిమ్ వంటి యాప్‌లు ఉన్నాయి. 2018లో అక్కడి కంపెనీలు వీటి కోసం పెట్టిన ప్యాకేజీ ధర మొబైల్‌కు నెలకు 50 దిర్హాములు. కూలి పనికి వెళ్ళినవారికి అది చిన్న మొత్తం కాదు. 2020లో కరోనా వచ్చాక చదువుల కోసం, ఇంటి నుంచి చేసే పని కోసం జూమ్, టీమ్స్ వంటివాటిని కూడా అనుమతించారు. సౌదీ అరేబియా అయితే 2017 సెప్టెంబరులోనే తన నిబంధనలకు లోబడిన ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం ఎత్తివేసింది. దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి నియమం మారుతుంది. వెళ్ళే ముందే తెలుసుకోవాలి.

ఒక హెచ్చరిక. "వి.పి.ఎన్. వేసుకోమని మీ నాన్నకు చెప్పు" అని సలహా ఇచ్చే మిత్రులు ఉంటారు. ఎమిరేట్స్‌లో నేరం చేయడానికి గాని, దాన్ని దాచడానికి గాని ఐ.పి. అడ్రసును మార్చి చూపితే జరిమానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల వరకు ఉంటుందని 2021లో చేసిన సైబర్ నేరాల చట్టం చెబుతోంది. అనుమతి లేని కాల్ కోసం వి.పి.ఎన్. వాడటం ఆ చట్టం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. ఇక్కడ మనం తేలికగా చెప్పే సలహా అక్కడ మనవాళ్ళ ఉద్యోగానికే ముప్పు తేవచ్చు. అనుమతి ఉన్న యాప్ ఏదో అక్కడి తోటి పనివారిని అడిగి, దాన్నే ఇక్కడా వేసుకోవడం క్షేమం.

7. కాలువే కట్టేస్తే

పోర్టు మూయడానికీ, ఇంటర్నెట్ మొత్తం ఆపడానికీ తేడా ఉంది. మన సెంట్రల్ డెల్టా వారికి ఇది చెప్పనక్కర్లేదు. బొబ్బర్లంక దగ్గర మొదలైన ప్రధాన కాలువ లొల్ల లాకుల దగ్గర చీలుతుంది. ఒక తూము మూస్తే దాని కింది చేలకే నీరందదు. వేసవిలో కాలువలు కట్టేస్తే అందరికీ బందే.

2022 మేలో మన జిల్లా అలాంటి రోజులను చూసింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టే ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో జరిగిన ఆందోళన హింసగా మారింది. మంత్రి ఇంటికి, శాసనసభ్యుని ఇంటికి నిప్పు పెట్టారు. పుకార్లు పాకకుండా ఉండాలని ఇంటర్నెట్ సేవలు నిలిపివేశారు. దాదాపు రెండు వారాల పాటు ఇబ్బంది సాగింది. ఇంటి నుంచి పని చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని యానాం వైపు, సిగ్నల్ అందే గోదావరి ఒడ్డుకు వెళ్ళి కూర్చున్నారు. అదే సంవత్సరం మన జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అనే పేరు ఖరారైంది.

ఇలాంటి నిలుపుదలకు కూడా హద్దులున్నాయి. 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ఇంటర్నెట్ ద్వారా భావ ప్రకటన, వృత్తి వ్యాపారాలు రాజ్యాంగం 19వ అధికరణం రక్షణ కిందికి వస్తాయని, నిలుపుదల ఉత్తర్వులను ప్రకటించాలని, గడువు లేకుండా ఆపరాదని చెప్పింది. మన ఊళ్ళో నెట్ మొత్తం ఆగితే అడగవలసింది ఆ ఉత్తర్వు ఏదని. మన హాస్టల్లో కాల్ ఒక్కటే ఆగితే అడగవలసింది ఏ పోర్టు మూశారని. రెండు ప్రశ్నలూ వేరు, జవాబు చెప్పవలసిన వారూ వేరు.

8. మనం ఏమి చేయాలి?

కలిగినవారి ఇంట్లో ఒక దారి మూస్తే ఇంకో దారి ఉంటుంది. వైఫై, రెండు సిమ్‌లు, పక్క గదిలో అన్నయ్య ఫోను ఉంటాయి. హాస్టల్లో వంద మందికి ఒకటే గేటు. అందుకే ఈ విద్య మనకు ఎక్కువ అవసరం. ఇంటర్వ్యూకో, వైవాకో కనీసం మూడు రోజుల ముందు ఈ పరీక్షలు చేయండి.

• ఏ గదిలో, ఏ నెట్‌తో కూర్చోబోతున్నారో అక్కడి నుంచే ఒక మిత్రునితో ఐదు నిమిషాలు మాట్లాడి చూడండి. జూమ్‌లో, టీమ్స్‌లో పరీక్ష కాల్ సదుపాయం ఉంది.
• చెడితే అదే ఫోనుతో, అదే యాప్‌తో మొబైల్ డేటా మీద ప్రయత్నించండి. అక్కడ బాగుంటే ఫోను మంచిదే, లోపం గేటు దగ్గర ఉంది.
• పైన చెప్పిన (అ) నుంచి (ఉ) వరకు ఏ లక్షణమో తేదీ, సమయంతో రాసుకోండి.
• ఆ యాప్‌కు కావలసిన పోర్టుల జాబితాను ఆ సంస్థ సహాయ పేజీలో చూసి రాసుకోండి. జాబితాలు అప్పుడప్పుడు మారుతుంటాయి.
• నోటిమాటగా కాక రాతపూర్వకంగా అడగండి.

రాతలో నంబరు ఉంటే ఎంత తేడా వస్తుందో నేను పి.జి. చదివిన కళాశాలలో చూశాను. ప్రాంగణ నియామకాల ముందు "వీడియో రావడం లేదు" అని వారం రోజులు అందరూ చెప్పినా "స్పీడు బాగానే ఉంది కదా" అన్న జవాబే వచ్చింది. పోర్టు నంబర్లతో ఒక కాగితం ఇచ్చిన మరుసటి రోజు ల్యాబులో కాల్స్ నడిచాయి. ఆ ఉద్యోగికి మన మీద కోపం లేదు. ఏ తాళం తీయాలో అంతవరకు ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకే ఒక నమూనా అర్జీ ఇస్తున్నాను. కావలసినవారు కాపీ చేసుకోవచ్చు.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ (లేక హాస్టల్ సంక్షేమాధికారి) గారికి,
అయ్యా / అమ్మా,
మేము ఫలానా తేదీన జూమ్ ద్వారా జరిగే ఇంటర్వ్యూకు హాజరు కావలసి ఉన్నది. మన ల్యాబు నెట్‌వర్కులో కాల్ కలుస్తున్నది గాని మాట తెగిపోవుచున్నది. అదే ఫోనులో మొబైల్ డేటా మీద సరిగా పనిచేయుచున్నది. కావున ఫైర్‌వాల్‌లో లోపలి నుంచి బయటికి వెళ్ళు దిశలో మాత్రమే యు.డి.పి. 3478, 3479, 8801 నుండి 8810 వరకు, టి.సి.పి. 443, 8801, 8802 పోర్టులను జూమ్ సంస్థ సర్వర్ల వరకు అనుమతించవలసినదిగా కోరుచున్నాము. బయటి నుంచి లోపలికి ఏ పోర్టునూ తెరువనవసరం లేదు.
ఇట్లు, తమ విధేయులు."

ఇందులో "బయటికి వెళ్ళు దిశలో మాత్రమే" అన్న మాట ముఖ్యం. మన ఫోనే ముందుగా బయటికి వెళ్తుంది, జవాబు రిజిస్టరు చూసి లోపలికి వస్తుంది. అందువల్ల వానాక్రై లాంటి వాటికి తలుపు తెరిచినట్లు కాదు. భద్రత గురించి భయపడే అధికారికి ఈ ఒక్క మాట ధైర్యం ఇస్తుంది. అంతేకాని ఫైర్‌వాల్ మొత్తం తీసేయమని ఎప్పుడూ అడగకండి. అనుమతి లేకుండా రౌటరు సెట్టింగులు మార్చకండి.

గుర్తుంచుకోవలసిన అంశాలు

1. చిరునామా ఐ.పి., గది నంబరు పోర్టు, వాచ్‌మన్ ఫైర్‌వాల్.
2. పిలుపు టి.సి.పి. 443 మీద, మాట యు.డి.పి. మీద వెళ్తాయి. అందుకే కాల్ మోగినా మాట రాకపోవచ్చు.
3. యు.డి.పి. మూస్తే మాట టి.సి.పి.లోకి మారుతుంది, ఆలస్యం పెరుగుతుంది.
4. స్పీడ్ టెస్టు బాగుంటే పోర్టులు తెరిచి ఉన్నాయని కాదు.
5. ముందు మొబైల్ డేటాతో పోల్చి చూడాలి, ఆ తర్వాత నంబర్లతో అర్జీ రాయాలి.
6. విదేశంలో ఉన్నవారికి అక్కడి చట్టం అనుమతించిన దారినే చెప్పాలి.

ఈ సంచిక అందుకున్న వారంలోనే మీ హాస్టల్ వైఫై మీద ఒక పరీక్ష కాల్ చేసి చూడండి. మాట తెగితే ఇంటర్వ్యూ వచ్చేదాకా ఆగవద్దు, పైన ఇచ్చిన అర్జీని పది మంది సంతకాలతో ఇవ్వండి. మీ తర్వాత ఆ గదుల్లో చేరే పిల్లలకు కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది.